39 ఇంట్రాన్ల కోసం 43 ప్రోటీన్లు: చిన్న జీనోమ్‌లలో ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్ ఎలా సాగుతుంది?

క్లుప్తంగా

జన్యువు మధ్యలో ఉండి ప్రోటీన్ తయారీకి పనికిరాని ముక్కలను ఇంట్రాన్లు అంటారు. జన్యువు నుంచి నకలుగా తయారైన ఆర్‌ఎన్‌ఏలోంచి వాటిని తీసేసి, ఎక్సాన్లు అనే మిగిలిన ముక్కలను అతికించే పని పేరు స్ప్లైసింగ్. జీనోమ్, అంటే జీవి మొత్తం డీఎన్‌ఏ, బాగా కుదించుకుపోయిన జీవుల్లో ఈ పని ఒకే తీరుగా తగ్గలేదు. ఒక ఎర్ర శైవలంలో 39 ఇంట్రాన్లు మిగిలాయి. ఒక పరాన్నజీవిలో ఒక్కటీ మిగలలేదు. వాటికంటే ఎంతో చిన్న జీనోమ్ ఒకదానిలో 852 ఉన్నాయి. కాబట్టి జీనోమ్ కొలతను బట్టి స్ప్లైసింగ్‌ను అంచనా వేయలేం. ఇంట్రాన్లు పోయే దారి తెరిచి ఉందా, మిగిలినవి ఒకదాన్నొకటి ఎంతగా పోలి ఉన్నాయి అన్న రెండు విషయాలే ఎక్కువ చెబుతాయి.

ఒక అక్షరం జారితే

ఇటలీలోని నేపుల్స్ దగ్గర కాంపీ ఫ్లెగ్రేయ్ అనే అగ్నిపర్వత ప్రాంతం ఉంది. అక్కడి ఆమ్ల ఊటల్లో సయానిడియోస్కైజాన్ మెరోలే అనే ఏకకణ ఎర్ర శైవలం బతుకుతుంది. నీటి వేడి 45 డిగ్రీల దాకా ఉంటుంది, పీహెచ్ 2 చుట్టుపక్కల ఉంటుంది. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు దీని జీనోమ్ చదివారు. సుమారు 1.65 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, 5 వేలకు దగ్గరగా జన్యువులు లెక్క తేలాయి. ఇంట్రాన్లు మాత్రం 27 కనిపించాయి. తర్వాతి పరిశీలనల్లో ఆ సంఖ్య 39కి చేరింది.

మనిషితో పోల్చితే తేడా అర్థమవుతుంది. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. ఒక్కో జన్యువులో సగటున ఎనిమిది ఇంట్రాన్ల దాకా ఉంటాయి. కండరాలకు కావలసిన డిస్ట్రోఫిన్ జన్యువు 22 లక్షల అక్షరాల పొడవు ఉంటుంది. కత్తిరింపులన్నీ అయ్యాక మిగిలే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ 14 వేల అక్షరాలు. అంటే రాసినదాంట్లో 99 శాతానికి పైగా తీసి పారేయాల్సిందే.

ఈ కత్తిరింపులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కుదరదు. కణం ఆర్‌ఎన్‌ఏను మూడేసి అక్షరాలుగా చదువుతుంది. "అమల కమల వనజ" అన్న వరుసలో మొదటి అక్షరం ఒక్కటి జారిపోతే "మలక మలవ నజ" అవుతుంది. తప్పు జరిగింది ఒక్క చోటే అయినా ఆ తర్వాతిదంతా అర్థం లేకుండా పోతుంది. స్ప్లైసింగ్ యంత్రం అంత పెద్దదిగా, అంత జాగ్రత్తగా ఎందుకు ఉంటుందో ఈ ఉదాహరణ చాలా వరకు చెబుతుంది.

జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్ మీద పనిచేస్తూ కనుక్కున్నాయి. వారిద్దరికీ 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

యంత్రం లోపల

స్ప్లైసింగ్ చేసే యంత్రాన్ని స్ప్లైసియోజోమ్ అంటారు. ఇందులో యూ1, యూ2, యూ4, యూ5, యూ6 అనే అయిదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వాటిని అంటిపెట్టుకుని పెద్ద సంఖ్యలో ప్రోటీన్లు ఉంటాయి. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లా ఇది ఎప్పుడూ సిద్ధంగా నిలబడి ఉండే యంత్రం కాదు. దాదాపు ప్రతి ఇంట్రాన్ దగ్గరా భాగాలు కొత్తగా వచ్చి కూడుకుంటాయి, పని అయ్యాక విడిపోతాయి.

ఇంట్రాన్ సాధారణంగా జీయూ అనే రెండు అక్షరాలతో మొదలై, ఏజీతో ముగుస్తుంది. చివరికి కాస్త ముందు కొమ్మ బిందువు అనే ఒక ఏ అక్షరం ఉంటుంది. రసాయన చర్య రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో ఆ ఏ అక్షరం ఇంట్రాన్ మొదలును పట్టుకుంటుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఏ తెగి, ఇంట్రాన్ ఉచ్చులా ముడి పడుతుంది. రెండో మెట్టులో విడిపోయిన ఎక్సాన్ కొస వెళ్లి తర్వాతి ఎక్సాన్‌ను అందుకుంటుంది, ఉచ్చు ఊడి బయటపడుతుంది.

ఈ రసాయన చర్యను నడిపేది ప్రోటీన్ కాదు. యూ6 ఆర్‌ఎన్‌ఏ మెగ్నీషియం అయాన్లను పట్టుకుని ఆ పని చేస్తుందని 2013లో రుజువైంది. మరి ప్రోటీన్లు ఎందుకు? ఆ ఆర్‌ఎన్‌ఏలను సరైన ఆకారంలో నిలబెట్టడానికి, ఒక దశ నుంచి ఇంకో దశకు మార్చడానికి, తప్పుడు చోటును పట్టుకుంటే వదిలించడానికి. దశలు మార్చే హెలికేస్ ప్రోటీన్లే ఈస్ట్‌లో ఎనిమిది ఉన్నాయి. మనిషిలో వీటికి తోడు ఏ ఎక్సాన్‌ను ఉంచాలి, దేన్ని వదిలేయాలి అని కణాన్ని బట్టి నిర్ణయించే ప్రోటీన్ల సైన్యం ఒకటి ఉంటుంది.

యూ1 లేని యంత్రం

కెనడా పరిశోధకులు మెరోలే శైవలంలోని స్ప్లైసింగ్ భాగాలను వెతికి 2015లో ఫలితాలు ప్రచురించారు. స్ప్లైసింగ్‌కు కీలకమైన ప్రోటీన్లు మనిషిలో సుమారు 140, ఈస్ట్‌లో సుమారు 90 ఉండగా ఇందులో 43 మాత్రమే దొరికాయి. అంతకంటే ఆశ్చర్యపరిచిన విషయం యూ1. ఆ ఆర్‌ఎన్‌ఏ దొరకలేదు, దానికి అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లలో ఒక్కటీ దొరకలేదు.

యూ1 మామూలు భాగం కాదు. పాఠ్యపుస్తకాల్లో స్ప్లైసింగ్ కథ దానితోనే మొదలవుతుంది. కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏ మీద ఇంట్రాన్ మొదలును ముందుగా గుర్తుపట్టేది యూ1. తర్వాత ఒక హెలికేస్ వచ్చి దాన్ని పక్కకు తప్పిస్తుంది, అదే చోట యూ6 కూర్చుంటుంది. అంటే ఒకే గుర్తును రెండుసార్లు తనిఖీ చేస్తారు. ముందు యూ1, తర్వాత యూ6.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చిన్న ఆర్‌ఎన్‌ఏల వరుస పరిణామంలో తొందరగా మారిపోతుంది. వెతికితే దొరకనంత మాత్రాన లేదని తేల్చలేం. అయితే యూ1 ప్రోటీన్లు కూడా ఒక్కటీ కనిపించకపోవడంతో, అసలు ఆ భాగమే పోయిందన్న వాదనకు బలం వచ్చింది.

రెండు తనిఖీల్లో మొదటిది పోతే పని ఎలా జరుగుతోంది? దీనికి సమాధానం ఇంట్రాన్లలోనే ఉండవచ్చు. మనిషిలో లక్షకు పైగా ఉన్న ఇంట్రాన్ల మొదళ్లు ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపోవు. జీయూ తర్వాత వచ్చే అక్షరాలు ఎన్నో రకాలుగా మారుతుంటాయి. అంత వైవిధ్యంలో అసలు ఏదో, నకిలీ ఏదో తేల్చాలంటే ఎక్కువ తనిఖీలు కావాలి. ఇంట్రాన్లు తక్కువ మిగిలిన జీవుల్లో మాత్రం గుర్తులు దాదాపు ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి. అలాంటప్పుడు యూ6 ఒక్కటే సరిపోవడం సాధ్యమే.

అయితే ఈ ఏర్పాటు జీవి చేతులు కట్టేస్తుంది. తనిఖీ భాగాలు పోయాక మూస నుంచి పక్కకు జరిగిన ఇంట్రాన్‌ను యంత్రం పట్టుకోలేదు. గుర్తులు ఒకేలా ఉన్నందువల్ల యంత్రం చిన్నదైందా, యంత్రం చిన్నదైనందువల్ల గుర్తులు ఒకేలా మిగిలాయా అంటే రెండూ నిజమే అయి ఉండాలి. ఒకటి ఇంకోదాన్ని బిగించుకుంటూ పోతుంది.

ఆదిమ జీవులా, అరిగిపోయిన జీవులా?

చిన్న యంత్రం అనగానే అది పాతకాలపు నమూనా అయి ఉంటుందని అనిపిస్తుంది. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. పేగుల్లో జబ్బు చేసే జియార్డియా, కణాల లోపల బతికే మైక్రోస్పోరిడియా లాంటి పరాన్నజీవులు కేంద్రకం ఉన్న జీవుల్లో అతి ప్రాచీనమైనవని 1980లలో ఒక సిద్ధాంతం బలంగా ఉండేది. వాటిలో ఇంట్రాన్లు కనిపించకపోవడం ఆ సిద్ధాంతానికి అనుకూలంగా అనిపించింది.

2002లో జియార్డియాలోని ఫెరెడాక్సిన్ జన్యువులో 35 అక్షరాల ఇంట్రాన్ ఒకటి బయటపడింది. అది జీయూతో కాకుండా సీయూతో మొదలవుతోంది. మైక్రోస్పోరిడియా విషయానికొస్తే, అవి శిలీంద్రాలకు దగ్గరి బంధువులని 1990ల చివరికే స్పష్టమైంది. ఇప్పుడు శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకునే మాట ఏమిటంటే, కేంద్రకం ఉన్న జీవులన్నిటికీ మూలమైన పూర్వజీవిలోనే ఇంట్రాన్లు దండిగా ఉన్నాయి, సంక్లిష్టమైన స్ప్లైసియోజోమ్ కూడా ఉంది. అంటే మెరోలే యంత్రం మొదటి నమూనా కాదు. పెద్ద యంత్రం భాగాలు రాలిపోగా మిగిలినది.

జియార్డియా కథలో ఇంకో మలుపు ఉంది. దాని హెచ్‌ఎస్‌పీ90 ప్రోటీన్ జన్యువు రెండు ముక్కలై, జీనోమ్‌లో వేర్వేరు చోట్ల ఉంది. ఆ రెండు చోట్లా విడివిడిగా రెండు ఆర్‌ఎన్‌ఏలు తయారవుతాయి. వాటి కొసలు ఒకదానికొకటి జత కట్టాక స్ప్లైసియోజోమ్ వాటిని కలుపుతుంది. ఈ ఫలితాన్ని 2011లో ప్రచురించిన బృందాల్లో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉత్పల్ టాటూ బృందం ఒకటి. బతకడానికి అవసరమైన ప్రోటీన్ ఇలా రెండు ముక్కల మీద ఆధారపడిందంటే, ఇంట్రాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నా జియార్డియా తన స్ప్లైసింగ్ యంత్రాన్ని వదులుకోలేదు.

చిన్నదైతే ఇంట్రాన్లు పోవాలని లేదు

"జీనోమ్ కుదించుకుపోతే ఇంట్రాన్లు పోతాయి" అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్కలు చూస్తే నిలబడదు.

మెరోలేకు దగ్గరి బంధువు గాల్డియేరియా సల్ఫ్యూరేరియా. అదీ వేడి ఆమ్ల ఊటల్లోనే ఉంటుంది. 2013లో చదివిన దాని జీనోమ్ సుమారు 1.37 కోట్ల అక్షరాలు, అంటే మెరోలే కంటే చిన్నది. అయినా దానిలో ఒక్కో జన్యువుకు సగటున రెండు ఇంట్రాన్లు ఉన్నాయి. మరోవైపు ట్రైకోమోనాస్ వజైనాలిస్ అనే పరాన్నజీవి జీనోమ్ 16 కోట్ల అక్షరాలు. 2007లో దాన్ని చదివినప్పుడు గుర్తించిన ఇంట్రాన్లు 65. ఉండే చోటు, జీనోమ్ కొలత రెండూ ఇక్కడ కారణాలుగా పనికిరావు.

అన్నిటికంటే గట్టి ఉదాహరణ న్యూక్లియోమార్ఫ్‌లది. ఎప్పుడో ఒక ఏకకణ జీవి ఒక శైవలాన్ని మింగింది, కానీ అరిగించుకోలేదు. లోపలే ఉంచుకుని దానితో కిరణజన్య సంయోగక్రియ చేయించుకుంది. ఆ శైవలం కేంద్రకం కుంచించుకుపోయి మిగిలిన అవశేషమే న్యూక్లియోమార్ఫ్. ఈ సంఘటన క్రిప్టోఫైట్లు అనే ఏకకణ జీవుల్లో ఎర్ర శైవలంతో, క్లోరారాక్నియోఫైట్లు అనే మరో గుంపులో ఆకుపచ్చ శైవలంతో విడివిడిగా జరిగింది. పరిణామం ఒకే ప్రయోగాన్ని రెండుసార్లు చేసి చూపించినట్టయింది.

క్రిప్టోఫైట్లలో గిలార్డియా థీటా న్యూక్లియోమార్ఫ్‌లో 5,51,000 అక్షరాలు, 17 ఇంట్రాన్లు ఉన్నాయి. హెమిసెల్మిస్ ఆండర్సెనీది 5,72,000 అక్షరాలతో కాస్త పెద్దదే. అయినా 2007లో దాన్ని చదివితే ఒక్క ఇంట్రాన్ కూడా లేదు, స్ప్లైసింగ్ యంత్రం జన్యువులూ లేవు. ఇక క్లోరారాక్నియోఫైట్ అయిన బిగెలోవియెల్లా నాటాన్స్ న్యూక్లియోమార్ఫ్ 3,73,000 అక్షరాలే, మూడింటిలో అతి చిన్నది. దానిలో 852 ఇంట్రాన్లు ఉన్నాయి. ఒక్కోటి 18 నుంచి 21 అక్షరాలు మాత్రమే.

ఇంత చిన్న ఇంట్రాన్లు ఒకే జీనోమ్‌లో ఇన్ని ఉండటం అరుదు. మనిషి ఇంట్రాన్లు సగటున వేల అక్షరాల పొడవు ఉంటాయి. 18 అక్షరాల్లో మొదలు, కొమ్మ బిందువు, చివర మూడూ ఇమడాలి. మొత్తం 852నూ కలిపినా 17 వేల అక్షరాల లోపే, అంటే ఆ జీనోమ్‌లో అయిదు శాతం కూడా కాదు. ఇక్కడ ఇంట్రాన్లు పోలేదు, ఇక తగ్గడానికి వీల్లేనంతగా అరిగాయి. అదే కణంలోని అసలు కేంద్రకాన్ని 2012లో చదివినప్పుడు, ఒకే జన్యువును పలు విధాలుగా స్ప్లైస్ చేయడం ఏకకణ జీవుల్లో అప్పటివరకు చూడనంత ఎక్కువ స్థాయిలో కనిపించింది. రెండు విపరీతాలు ఒకే కణంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇంట్రాన్ పోయే దారి

ఎందుకు ఒక చోట పోయి, ఇంకో చోట అరిగాయి? ఇంట్రాన్ ఎలా పోతుందో చూస్తే కొంత అర్థమవుతుంది.

డీఎన్‌ఏ నుంచి ఇంట్రాన్‌ను కచ్చితంగా ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా తీసేయడం మామూలు మ్యుటేషన్ వల్ల దాదాపు జరగని పని. తేలికైన దారి ఇంకొకటి ఉంది. అప్పటికే స్ప్లైస్ అయిన ఆర్‌ఎన్‌ఏను రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్ తిరిగి డీఎన్‌ఏగా రాస్తుంది. ఆ నకలు వెళ్లి అసలు జన్యువు స్థానంలో చేరితే ఇంట్రాన్ శుభ్రంగా మాయమవుతుంది. ఈ ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ చివరి నుంచి మొదలుకు రాస్తూ, చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే జన్యువు చివరి వైపు ఇంట్రాన్లు ముందుగా పోయి, మొదటి వైపువి మిగులుతాయి. ఈస్ట్‌లోనూ, మైక్రోస్పోరిడియన్ అయిన ఎన్‌సెఫాలిటోజూన్ కునిక్యులైలోనూ మిగిలిన ఇంట్రాన్లు ఎక్కువగా జన్యువు మొదట్లోనే ఉండటం ఈ వివరణతో సరిపోతుంది.

ఈ ఎంజైమ్ అందుబాటులో లేని చోట ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలేది చిన్న చిన్న కోతలే. ఇంట్రాన్ మధ్య భాగం కొద్దికొద్దిగా తరిగిపోతుంది గానీ రెండు కొసలూ, కొమ్మ బిందువూ ఉండక తప్పదు. బిగెలోవియెల్లాలో కనిపించే దృశ్యానికి ఇది నమ్మదగిన వివరణ.

చివరి ఇంట్రాన్ దగ్గర చిక్కు

39 ఇంట్రాన్ల కోసం 43 ప్రోటీన్లను మోయడం దండగ కాదా? ఆ మూడు డజన్ల పైచిలుకు ఇంట్రాన్లు వదిలించుకుంటే ఆ 43 జన్యువులూ, నాలుగు ఆర్‌ఎన్‌ఏలూ అక్కర్లేదు కదా?

పరిణామం అలా ముందుచూపుతో లెక్క వేయదు. 39లో ఒక ఇంట్రాన్ పోతే కలిగే లాభం కొన్ని పదుల అక్షరాలు. యంత్రం ఖర్చు మాత్రం అణువంత తగ్గదు. 38 ఉన్నా, ఒక్కటే ఉన్నా యంత్రం మొత్తం కావలసిందే. పెద్ద లాభం అంతా చివరి ఇంట్రాన్ పోయిన తర్వాతే దక్కుతుంది. అక్కడిదాకా తోసుకెళ్లే బలం ఏదీ ఉండదు, కాకతాళీయంగా చేరుకోవాల్సిందే.

మిగిలినవి ఎక్కడ ఉన్నాయన్నదీ ముఖ్యం. ఎన్‌సెఫాలిటోజూన్ కునిక్యులై జీనోమ్ 29 లక్షల అక్షరాలు, జన్యువులు సుమారు 2 వేలు. దాని ఇంట్రాన్లు దాదాపు మూడు డజన్లు. వాటిలో ఎక్కువ రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువుల్లోనే ఉన్నాయి. ఈస్ట్‌లోనూ ఇదే పోలిక. సుమారు 6 వేల జన్యువులకు 300 ఇంట్రాన్లే ఉన్నా, అవి అతి ఎక్కువగా వాడే రైబోజోమ్ జన్యువుల్లో ఉండటంతో తయారయ్యే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలో పావు వంతుకు పైగా స్ప్లైసింగ్ గుండా వెళ్తుంది. ఇంట్రాన్ల సంఖ్య చిన్నదైనా యంత్రానికి పని తక్కువేమీ కాదు.

పైగా అవి ఊరికే మిగిలిపోయినవి కాకపోవచ్చు. ఈస్ట్ ఇంట్రాన్లు ఆహారం కరువైనప్పుడు కణం పెరుగుదలను అదుపు చేసి బతికి బట్టకట్టడానికి తోడ్పడుతున్నాయని 2019లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. పోషకాలు పుష్కలంగా ఉన్నప్పుడు వాటిని తీసేసినా పెద్దగా తేడా కనిపించదు. కొరత రాగానే కనిపిస్తుంది. కునిక్యులైలో మాత్రం ఇది ఇంకా చిక్కుముడే. అక్కడ చాలా ఇంట్రాన్లు ఆర్‌ఎన్‌ఏల్లో కత్తిరించకుండానే ఉండిపోతున్నాయి. అది యంత్రం బలహీనపడటం వల్లనా, లేక రైబోజోమ్‌ల తయారీని తగ్గించుకునే పద్ధతా అన్న రెండు వాదనలూ నిలిచే ఉన్నాయి.

గీత దాటినవీ ఉన్నాయి. హెమిసెల్మిస్ న్యూక్లియోమార్ఫ్ ఒకటి. మైక్రోస్పోరిడియాలోనే ఎంటెరోసైటోజూన్ బియెన్యూసీ, నెమటోసిడా మరో రెండు. వాటిలో ఇంట్రాన్లూ లేవు, యంత్రమూ లేదు. యంత్రం ఒకసారి పోయాక ఆ వంశంలోకి ఇంట్రాన్ తిరిగి రావడం కష్టం. వచ్చినా దాన్ని తీసేవాళ్లు ఉండరు, ఆ జన్యువు చెడిపోతుంది.

సంఖ్యలు ఎందుకు మారుతున్నాయి

ఒకే జీవికి ఒక చోట 27 అని, ఇంకో చోట 39 అని కనిపిస్తే పాఠకులకు అయోమయంగా ఉంటుంది. ఇంట్రాన్లను ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు ఊహిస్తాయి. అవి ఎక్కువగా ఇంట్రాన్లు దండిగా ఉన్న జీవుల నుంచి నేర్చుకున్నవి. అతి చిన్న ఇంట్రాన్లు, వింత కొసలున్నవి వాటి కంటపడవు. తర్వాత కణంలోని ఆర్‌ఎన్‌ఏనే చదివి డీఎన్‌ఏతో పోల్చినప్పుడు దాటిపోయినవి బయటపడతాయి. కాబట్టి ఈ సంఖ్యలు ఇంకా కొద్దిగా మారవచ్చు.

పరిశోధనకు, వైద్యానికి

మనిషిలో స్ప్లైసింగ్ లోపాలు తీవ్రమైన జబ్బులకు దారితీస్తాయి. పీఆర్‌పీఎఫ్8 అనే స్ప్లైసింగ్ ప్రోటీన్‌లో మ్యుటేషన్ల వల్ల రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వచ్చి చూపు పోతుంది. ఎస్‌ఎఫ్3బీ1 అనే మరో స్ప్లైసింగ్ ప్రోటీన్‌లో మార్పులు కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లో తరచుగా కనిపిస్తాయి. వందల భాగాలున్న యంత్రంలో ఒక్కో భాగం పని ఏమిటో విడదీసి చూడటం కష్టం. ఎన్నో భాగాలు రాలిపోయాక కూడా పనిచేస్తున్న మెరోలే యంత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. దానిలో మిగిలినవి కేంద్ర భాగాలు, పోయినవి నియంత్రణకో అదనపు తనిఖీకో ఉన్నవి అని ఒక మొదటి జాబితా చేతికొస్తుంది. అయితే మెరోలేలో లేనంత మాత్రాన ఆ భాగం మనిషికి అనవసరమని కాదు. యూ1 లేకుండా మన కణాలు బతకలేవు. మన ఇంట్రాన్ల వైవిధ్యానికి దాని తనిఖీ తప్పనిసరి. పైగా ఆర్‌ఎన్‌ఏ తయారీ మధ్యలో ఆగిపోకుండా కాపాడే పని కూడా యూ1 చేస్తుంది.

మందుల విషయంలో ఈ తేడాలు నేరుగా అక్కరకొస్తాయి. మైక్రోస్పోరిడియా రోగనిరోధక శక్తి తగ్గిన వారిలో విడవని విరేచనాలకు కారణమవుతుంది, అక్కడ ఎక్కువగా కనిపించేది ఎంటెరోసైటోజూన్ బియెన్యూసీయే. పరాన్నజీవి స్ప్లైసియోజోమ్‌ను దెబ్బతీసే మందు ఏదైనా తయారైతే అది కునిక్యులై మీద పనిచేయవచ్చు గానీ, బియెన్యూసీ మీద పనిచేయదు. దెబ్బతీయడానికి ఆ యంత్రమే దానిలో లేదు.